100వ ర్యాంకు చుట్టూ తిరిగే డబ్ల్యూటీఏ ప్లేయర్ సీజన్: ఎంట్రీలు, పాయింట్లు, ప్లానింగ్ ఎలా అర్థం చేసుకోవాలి?

రెండోసర్వ్ అడిగిన ప్రశ్న:

మహిళల టెన్నిస్ టూర్ డబ్ల్యూటీఏలో టాప్ 10 వాళ్ల సంగతి అందరూ రాస్తారు. 85 నుంచి 130 ర్యాంకుల మధ్య పైకీ కిందికీ తిరిగే అమ్మాయిల సీజన్ మాత్రం బయటినుంచి చూసేవాళ్లకి ఓ పట్టాన అంతుపట్టదు. మూడు విషయాలు అడుగుతున్నాను.

ఒక వారం మూడు మ్యాచ్‌లు గెలిచిన ప్లేయర్ ర్యాంకు సోమవారం చూస్తే కిందికి జారి ఉంటుంది. ఎందుకు? 2025 ఫ్రెంచ్ ఓపెన్‌లో సెమీస్ ఆడిన లోయిస్ బోయిసన్ 361 నుంచి 65కి ఎగబాకింది కదా, మరి అదే నెలలో వింబుల్డన్ క్వాలిఫయింగ్ (అసలు టోర్నీలో చోటు కోసం ముందు ఆడే అర్హత మ్యాచ్‌లు) ఎందుకు ఆడాల్సొచ్చింది? ఇక మూడోది: ఒకే వారం డబ్ల్యూటీఏ 250, డబ్ల్యూటీఏ 125 (ఆ అంకె టైటిల్‌కి వచ్చే పాయింట్లు) రెండూ ఉన్నప్పుడు చిన్నదాన్ని ఎంచుకునేవాళ్లు ఏ లెక్కతో ఎంచుకుంటారు?

రూల్స్ తెలిసినవాళ్లు కాస్త అంకెలతో చెప్తే బాగుంటుంది. పాయింట్ల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది, దాన్ని ప్లేయర్ ఎలా వాడుకుంటుందో తెలుసుకోవాలని ఉంది.

---

టైబ్రేక్‌_సెవెన్ జవాబు:

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, అదొక్కటి తెలిస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది. అందులో 104 మంది ర్యాంకు మీద నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫయర్లు, 8 వైల్డ్ కార్డులు (ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే చోట్లు). ఆ 104 మందిని ఏ రోజు ర్యాంకు చూసి తీసుకుంటారన్నదే అసలు విషయం. టోర్నీ మొదలయ్యే నాటికి ఆరు వారాల ముందు సోమవారం ర్యాంకింగ్ చూస్తారు. 2025 వింబుల్డన్ జూన్ 30న మొదలైంది. ఆరు వారాలు వెనక్కి లెక్కేస్తే మే 19. ఫ్రెంచ్ ఓపెన్ మెయిన్ డ్రా మొదలైందే మే 25న. అంటే బోయిసన్ పారిస్‌లో మొదటి బంతి కొట్టే ముందే వింబుల్డన్ లిస్టు మూతపడింది. సెమీస్‌తో వచ్చిన 780 పాయింట్లు ఆ లిస్టుకి పనికిరాలేదు. వింబుల్డన్ మెయిన్ డ్రా వైల్డ్ కార్డూ రాలేదు. క్వాలిఫయింగ్‌కి వెళ్లి మొదటి రౌండ్‌లోనే కార్సన్ బ్రాన్‌స్టిన్ చేతిలో మూడు సెట్లలో ఓడింది.

సీడింగ్‌కి (పెద్ద ప్లేయర్లు మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా డ్రాలో విడదీయడానికి) మాత్రం తాజా ర్యాంకు చూస్తారు, డ్రా తీసే వారంలోది. అందుకే "ర్యాంకు 65 అయితే క్వాలిఫయింగ్ ఏంటి" అనిపిస్తుంది. ఎంట్రీకో తేదీ, సీడింగ్‌కో తేదీ.

ఇక్కణ్నుంచి వంద దగ్గరున్న ప్లేయర్ క్యాలెండర్ చూడండి. ఆమె ఏడాదికి నాలుగు గడువులు ఉంటాయి. ఆస్ట్రేలియన్ ఓపెన్ లిస్టు డిసెంబర్ మొదట్లో తేలుతుంది. ఫ్రెంచ్ ఓపెన్‌ది ఏప్రిల్ మధ్యలో. వింబుల్డన్‌ది మే మూడో వారంలో. యూఎస్ ఓపెన్‌ది జులై మధ్యలో, వింబుల్డన్ ముగిసీ ముగియగానే. ఫ్రెంచ్ ఓపెన్‌లో చోటు దక్కేది ఈ ఏడాది యూరప్ మట్టి కోర్టుల మీద సంపాదించే పాయింట్లతో కాదు. అంతకుముందు ఏడాది వసంతం నుంచి ఈ ఏడాది మయామీ, చార్ల్‌స్టన్ దాకా పోగైన వాటితో. మట్టి మీద బాగా ఆడే అమ్మాయి ఫిబ్రవరి, మార్చిలో హార్డ్ కోర్టుల మీద తంటాలు పడుతూ 125లు తిరుగుతోందంటే కారణం అదే. నవంబర్‌లో టాప్ 8 మంది ఏడాది చివరి డబ్ల్యూటీఏ ఫైనల్స్ ఆడేసి సెలవులకి వెళ్తారు. 95 నుంచి 115 మధ్య ఉన్నవాళ్లకి మాత్రం ఆ నెలే కీలకం, ఒక్క టైటిల్ ఆస్ట్రేలియా టికెట్ తేల్చేస్తుంది.

కటాఫ్ ఎప్పుడూ సరిగ్గా 104 దగ్గర ఆగదు. గాయం నుంచి తిరిగొచ్చేవాళ్లు స్పెషల్ ర్యాంకింగ్‌తో (ఆటకి దూరమైన నాటి ర్యాంకుతో) లోపలికొస్తే అది పైకి జరుగుతుంది, ఎవరైనా తప్పుకుంటే కిందికి జారుతుంది. అందువల్ల 98 అంటే దాదాపు ఖాయం, 108 అంటే ఆశతో ఎదురుచూపు.

---

ఎర్రమట్టి జవాబు:

పైన చెప్పినదానికి పాయింట్ల లెక్క జోడిస్తాను.

ర్యాంకింగ్ 52 వారాల కిటికీ, ఏడాది నిండిన ఫలితం లెక్కలోంచి పోతుంది. 2024 నుంచి సింగిల్స్‌లో గరిష్ఠంగా 18 ఫలితాలు లెక్కలోకొస్తాయి, డబుల్స్‌లో 12. పాత వ్యాసాల్లో సింగిల్స్‌కి 16 అని కనిపిస్తుంది, అది ఇప్పుడు చెల్లదు. ఈ స్థాయి ప్లేయర్లు ఏడాదికి పాతిక టోర్నీలు అవలీలగా ఆడతారు కాబట్టి 18 గళ్లూ నిండే ఉంటాయి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పోయినేడాది ఇదే వారం ఆమె డబ్ల్యూ100 అనే చిన్న స్థాయి టోర్నీ గెలిచిందనుకోండి, 100 పాయింట్లు. ఈ ఏడాది అదే వారం డబ్ల్యూటీఏ 250కి వెళ్లి, టాప్ 50లో ఉన్నవాళ్లని కూడా ఓడించి క్వార్టర్స్ చేరింది. దానికి 54. ఆట మెరుగైంది, లెక్కలో 46 పోయాయి. వంద దగ్గర మొత్తమే 700 పైచిలుకు ఉంటుంది గనక 46 అంటే ఒకేసారి చాలా స్థానాలు. దీన్నే "పాయింట్లు కాపాడుకోవడం" అంటారు.

ఇది పెద్ద స్థాయిలో ఎలా ఉంటుందో చూడాలంటే ఎమ్మా రదుకాను ఉంది. 2021 యూఎస్ ఓపెన్‌లో 150వ ర్యాంకుతో క్వాలిఫయింగ్ నుంచి వచ్చి పది మ్యాచ్‌లు వరసగా గెలిచింది. టైటిల్‌కి 2000, క్వాలిఫై అయినందుకు 40, మొత్తం 2040. ర్యాంకు 23. మరుసటి ఏడాది మొదటి రౌండ్‌లో అలిజె కోర్నె చేతిలో ఓడితే వచ్చినవి 10. 11వ ర్యాంకు నుంచి 83కి పడిపోయింది. ఆ ఏడాది మిగతా వారాలన్నీ ఎలా ఆడినా ఆ ఒక్క గడి ఖాళీ అవడం ఆపలేకపోయాయి.

ఇంకో చిక్కు తప్పనిసరి టోర్నీలు. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో ఉంటే మొదటి రౌండ్ ఓటమితో వచ్చే 10 పాయింట్లు గడి ఆక్రమిస్తాయి. బయట ఓ 27 పాయింట్ల ఫలితం ఎదురుచూస్తున్నా దాన్ని లోపలికి రానివ్వవు. పైస్థాయిలో ఈ తప్పనిసరి లెక్క ఇంకా కఠినం. 2024 అక్టోబర్‌లో ఇగా స్వియాటెక్‌కి తప్పనిసరి టోర్నీల కోటా నిండనందుకు 120 పాయింట్లు పోయాయి. అక్టోబర్ 21న నంబర్ వన్ స్థానం అరీనా సబలెంకాకి వెళ్లింది. ఆ వారం ఇద్దరూ కోర్టులోకి దిగి తేల్చుకున్నది కాదు అది.

---

వైడ్‌_యాంగిల్ జవాబు:

మూడో ప్రశ్న నాకు వదిలేశారు, సంతోషం.

250లో టైటిల్ 250, ఫైనల్ 163, సెమీస్ 98, క్వార్టర్స్ 54, ఒక మ్యాచ్ గెలిస్తే 30, మొదటి రౌండ్‌లో ఓడితే 1. 125లో అదే వరసలో 125, 81, 49, 27, 15, 1. చూడగానే 250 రెట్టింపు లాభం అనిపిస్తుంది. కానీ 110వ ర్యాంకు ప్లేయర్‌కి చాలా 250ల్లో మెయిన్ డ్రా దొరకదు, క్వాలిఫయింగ్ ఆడాలి. రెండు మ్యాచ్‌లు గెలిచి క్వాలిఫై అయితే 18. మెయిన్ డ్రాలో ఇంకోటి గెలిస్తే 30. మూడు గెలుపులకి 48. అటు 125లో మూడు గెలిస్తే సెమీస్, 49. ఒక పాయింటు తేడా! కాకపోతే 250లో ఆ మూడో మ్యాచ్‌కి ఎదురుగా టాప్ 40 వాళ్లు నిలబడొచ్చు, 125లో సెమీస్ దాకా తనలాంటివాళ్లే ఎక్కువ. 250 క్వాలిఫయింగ్ మొదటి మ్యాచ్ ఓడితే సోమవారం నుంచే ఖాళీ, వచ్చేది ఒక్క పాయింటు.

అందుకే ఎంట్రీ గడువు దగ్గరపడుతుంటే 125, 100ల మీద కన్నేస్తారు. గడువు వచ్చి లక్ష్యం చేరాక, పోగొట్టుకునేదేమీ లేని వారాల్లో పెద్ద టోర్నీ క్వాలిఫయింగ్‌లకి వెళ్తారు. నా అభిప్రాయంలో ఏడాదంతా 125ల్లోనే ఉండిపోయేవాళ్లు ఎప్పటికీ 80 దాటి పైకి రారు. 1000 స్థాయిలో ఒక్క ప్రీక్వార్టర్స్ 120 పాయింట్లు, అది 125 టైటిల్‌కి దాదాపు సమానం. పైగా టాప్ 20 వాళ్ల సర్వ్ వేగాన్ని రెండు మూడు నెలలకోసారైనా చూడకపోతే రిటర్న్ టైమింగ్ దెబ్బతింటుంది.

పన్నెండు రోజుల 1000లు (ఇండియన్ వెల్స్, మయామీ, మాడ్రిడ్, రోమ్, 2025 నుంచి కెనడా, సిన్సినాటి కూడా) ఈ ర్యాంకు వాళ్లకి ఇంకో తలనొప్పి. 96 మంది డ్రా, 32 మంది సీడ్‌లకి బై, అంటే మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్. మొదటి రౌండ్‌లో ఓడితే తర్వాత పది రోజులు మ్యాచ్ ఉండదు. అందుకే రెండో వారంలో 125లు పెడుతున్నారు. మొదటివారమే ఓడే అవకాశముందని తనే ముందుగా ఒప్పుకుని ఆ 125కి ఎంట్రీ పంపాలి, ఎందుకంటే ఎంట్రీ గడువు అప్పటికి ఎప్పుడో దాటి ఉంటుంది. గెలుస్తూ పోతే విత్‌డ్రా చేసుకుంటారు. మంచి టీమ్‌లు ఒకే పక్షానికి రెండు ప్లాన్లు రాసుకుంటాయి, రెండు టికెట్లు కొంటాయి.

---

రెండోసర్వ్:

చాలా బాగా చెప్పారు, ముగ్గురికీ ధన్యవాదాలు. బోయిసన్ తేదీల లెక్కతో అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇంకో రెండు అడగొచ్చా? మట్టి నుంచి పచ్చికకి, అక్కణ్నుంచి హార్డ్‌కి మారినప్పుడు రాకెట్, బంతుల విషయంలో ఏం మారుస్తారు? గాయంతో ఉన్నా మొదటి రౌండ్ ఆడి మధ్యలో ఆపేసే అలవాటు గురించి కూడా చెప్పండి.

---

పాలియెస్టర్‌_46 జవాబు:

రాకెట్ ఫ్రేమ్ సీజన్ మధ్యలో మార్చరు. మార్చేది స్ట్రింగ్, దాని టెన్షన్ (బిగువు).

ఈ స్థాయి ప్లేయర్ బ్యాగులో ఆరు నుంచి ఎనిమిది ఒకే బరువు, ఒకే బ్యాలెన్స్ ఉన్న రాకెట్లు ఉంటాయి. పాలియెస్టర్ స్ట్రింగ్ తెగకపోయినా బిగువు గంటల్లోనే కోల్పోతుంది, అందుకే మ్యాచ్‌కి ముందు రాత్రో, ఆ ఉదయమో కొత్తగా బిగిస్తారు. గ్రాండ్‌స్లామ్‌లో బంతులు మొదట ఏడు గేమ్‌ల తర్వాత, ఆపైన ప్రతి తొమ్మిది గేమ్‌లకి మారతాయి. మొదటిసారి తక్కువ ఎందుకంటే వార్మప్‌లో ఆ బంతులే వాడతారు, దాన్ని రెండు గేమ్‌ల కింద లెక్కేస్తారు. కొత్త బంతులు రాగానే చాలామంది తాజా రాకెట్ తీస్తారు. ఉబ్బని కొత్త బంతి వేగంగా పోతుంది, సడలిన స్ట్రింగ్‌తో కొడితే బేస్‌లైన్ దాటుతుంది.

మాడ్రిడ్ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తు. గాలి పలచన, బంతి ఎగిరిపోతుంది, కాబట్టి అరకిలో నుంచి కిలో దాకా టెన్షన్ పెంచుతారు. వారం తిరక్కుండా రోమ్‌కి వెళ్తే సముద్రమట్టం దగ్గర్లోనే ఉంటుంది, మళ్లీ దించాలి. పారిస్‌లో రాత్రి చలి, తేమ ఉన్నప్పుడు బంతి బరువెక్కుతుంది, అప్పుడు ఇంకాస్త దించుతారు. ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే, మాడ్రిడ్ టెన్షన్‌తోనే రోమ్‌లో మొదటి ప్రాక్టీస్ చేసి, బంతి లోతుగా పడడం లేదని స్వింగ్ మార్చుకోవడం. స్వింగ్ మార్చిన రెండు రోజులకి భుజం పట్టేస్తుంది. ముందు స్ట్రింగ్ మార్చాలి, చేతిని కాదు.

బంతుల బ్రాండ్ దానికంటే పెద్ద సమస్య. ఆస్ట్రేలియాలో డన్‌లప్, పారిస్, న్యూయార్క్‌లో విల్సన్, వింబుల్డన్‌లో స్లాజెంజర్. మధ్య వారాల్లో ఇంకేవో. బరువైన బంతితో రెండు వారాలు ఆడాక తేలికైనదానికి మారితే మణికట్టు, మోచేయి నొప్పులు మొదలవుతాయి. యూఎస్ ఓపెన్‌లో 2022 దాకా మహిళలకి రెగ్యులర్ డ్యూటీ, పురుషులకి ఎక్స్‌ట్రా డ్యూటీ (పైపొర మందంగా ఉండే) బంతులు ఇచ్చేవారు. 2023 నుంచి మహిళలూ ఎక్స్‌ట్రా డ్యూటీతోనే ఆడుతున్నారు. దానికి ముందు వచ్చే టోర్నీల్లో ఏ బంతి వాడుతున్నారో చూసి షెడ్యూల్ వేసుకునేవాళ్లున్నారు, అది అతిజాగ్రత్త కాదు.

పచ్చిక సంగతి: ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కి, వింబుల్డన్‌కి మధ్య మూడు వారాలే. వింబుల్డన్ గడ్డి 8 మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు, బంతి తక్కువ ఎత్తులో జారిపోతుంది. అందువల్ల మోకాళ్లు మరింత వంచాలి, తొడ వెనక కండరాలు, పిరుదుల మీద భారం పెరుగుతుంది. మట్టి మీద చేసే జారుడు అడుగు మొదటి రోజుల్లో పచ్చిక మీద చేస్తే గజ్జల దగ్గర కండరం లాగేస్తుంది. అనుభవమున్నవాళ్లు మొదటి రెండు రోజులు పాయింట్లు ఆడరు, అడుగుల పనీ, సర్వ్ మాత్రమే.

---

టైబ్రేక్‌_సెవెన్ జవాబు:

మధ్యలో ఆపేయడం గురించి. 2025లో మొదటి రౌండ్ ఓడినవాళ్లకి ఆస్ట్రేలియన్ ఓపెన్ 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, ఫ్రెంచ్ ఓపెన్ 78,000 యూరోలు, వింబుల్డన్ 66,000 పౌండ్లు, యూఎస్ ఓపెన్ 1,10,000 డాలర్లు ఇచ్చాయి. వందో ర్యాంకు ప్లేయర్ బడ్జెట్‌కి వెన్నెముక ఈ నాలుగు చెక్కులే. 250లో మొదటి రౌండ్ ఓడితే వచ్చేది కోచ్ వారం జీతానికీ, విమాన టికెట్లకీ సరిపోదు. మెయిన్ డ్రాలో ఉంటే తన హోటల్ గది టోర్నీ చూసుకుంటుంది. మిగతా టీమ్ ఖర్చు తనదే. పన్ను మూలంలోనే కోస్తారు, అమెరికాలో విదేశీయులకి మామూలుగా 30 శాతం, ఖర్చులు తీసేయకముందే.

ఇంత డబ్బు ఉన్నప్పుడు నొప్పితోనైనా దిగాలనిపిస్తుంది. దాన్ని ఆపడానికి 2018 నుంచి గ్రాండ్‌స్లామ్‌లు ఒక రూల్ పెట్టాయి: ఆడలేని ప్లేయర్ టోర్నీ దగ్గరికొచ్చి, మెయిన్ డ్రా మొదలవడానికి ముందు గురువారం మధ్యాహ్నం తర్వాత తప్పుకుంటే మొదటి రౌండ్ డబ్బులో సగం ఆమెకే. మిగతా సగం ఆమె స్థానంలో వచ్చే లక్కీ లూజర్‌కి (క్వాలిఫయింగ్‌లో ఓడినా ఖాళీ వల్ల చోటు దొరికిన ప్లేయర్‌కి), ఆపైన గెలిచినదంతా ఆ లక్కీ లూజర్‌దే. అలా కాక దిగి, ప్రొఫెషనల్ స్థాయిలో ఆడలేదని తేలితే జరిమానా మొత్తం మొదటి రౌండ్ డబ్బుదాకా పోవచ్చు.

గాయం పెద్దదై నెలలు పక్కన కూర్చోవాల్సొస్తే స్పెషల్ ర్యాంకింగ్ ఉంది. దూరమైన నాటి ర్యాంకుతో కొన్ని టోర్నీల్లో ఎంట్రీ ఇస్తారు. ఎంట్రీ మాత్రమే. మామూలు గాయాల విషయంలో దాంతో సీడింగ్ రాదు, అంటే తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే టాప్ 5 వాళ్లు తగలొచ్చు. అందుకే తెలివైనవాళ్లు దాన్ని తొందరపడి ఖర్చుపెట్టరు. ముందు చిన్న టోర్నీలు సొంత ర్యాంకుతో ఆడి, కాళ్లు కుదిరాక స్లామ్‌లకి వాడతారు.

---

వైడ్‌_యాంగిల్:

ఒకటి మర్చిపోయారు. రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో (డోపింగ్ పరీక్షలకి ఎప్పుడైనా అందుబాటులో ఉండాల్సినవాళ్ల జాబితాలో) పేరుంటే ప్రతిరోజూ ఒక గంట ఎక్కడ ఉంటారో ముందే రాసివ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది డోపింగ్ కేసే, శాంపిల్‌లో ఏమీ దొరక్కపోయినా. ఎక్కువగా తప్పేది ఓడిన రాత్రి. మంగళవారం ఓడి, వెంటనే ఫ్లైట్ మార్చుకుని వెళ్లిపోతారు, బుధవారం ఉదయం స్లాట్ మాత్రం పాత హోటల్ పేరు మీదే ఉంటుంది. టికెట్ మార్చిన చేత్తోనే యాప్‌లో అడ్రసు మార్చడం మేనేజర్ పనిగా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

---

ఎర్రమట్టి:

డబుల్స్ గురించి ఎవరూ అడగలేదు గానీ, వంద దగ్గరున్న చాలామందికి అది అదనపు ఆదాయం. సింగిల్స్ ర్యాంకు చూపించి డబుల్స్ డ్రాలోకి వెళ్లొచ్చు. స్లామ్‌లలో సింగిల్స్ త్వరగా ముగిసినా వారం వృథా కాదు. సింగిల్స్‌లో 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లిన సానియా మీర్జా గాయాల తర్వాత పూర్తిగా డబుల్స్‌కి మారి 2015 ఏప్రిల్‌లో అందులో నంబర్ వన్ అయింది. అయితే క్వాలిఫయింగ్ ఆడే వారం డబుల్స్ కూడా పెట్టుకుంటే ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడొచ్చు, ఆ వారం వద్దనుకోవడమే మంచిది.

---

రెండోసర్వ్:

చివరిగా ఒక్కటి. ఎంట్రీ లిస్టు కింద ఆల్టర్నేట్ 1, 2, 3 అని ఉంటాయి కదా, ఎవరైనా తప్పుకుంటే లోపలికొచ్చే వరస. ఆల్టర్నేట్ 6 అంటే ఆశ ఉన్నట్టా, లేనట్టా?

---

టైబ్రేక్‌_సెవెన్:

గ్రాండ్‌స్లామ్‌కి ఆరు వారాల ముందు చూస్తే ఆశ ఉన్నట్టే. ఈలోగా గాయాలతో తప్పుకునేవాళ్లు దాదాపు ప్రతిసారీ కొందరుంటారు. ఒక్కొక్కరు తప్పుకున్నప్పుడల్లా ఆల్టర్నేట్ నంబర్ ఒకటి తగ్గుతుంది. కానీ ఈ జరుగుడు క్వాలిఫయింగ్ మొదలయ్యేదాకానే. అప్పటికీ ఆల్టర్నేట్ 1 దగ్గరే ఆగిపోయిన ప్లేయర్ క్వాలిఫయింగ్ ఆడాల్సిందే. ఆ తర్వాత ఎవరు తప్పుకున్నా ఖాళీ లక్కీ లూజర్లకి వెళ్తుంది, ముందు వరస చివరి క్వాలిఫయింగ్ రౌండ్ ఓడినవాళ్లది. ఆల్టర్నేట్ 1గా వచ్చి క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లో ఓడితే, మర్నాడే నలుగురు తప్పుకున్నా ఆమెకి పిలుపు రావడం కష్టం. మామూలు డబ్ల్యూటీఏ టోర్నీలకి లిస్టు ఎక్కువగా నాలుగు వారాల ముందే తేలుతుంది కాబట్టి జరగడానికి సమయం తక్కువ. అక్కడ ఆల్టర్నేట్ 6 అంటే, అదే వారం ఇంకెక్కడ పేరు ఇచ్చిందో చూడండి, మీకు సమాధానం దొరుకుతుంది.